దెబ్బ దిగే గుట్ట

మా గుట్టలో దెబ్బ ఎవరి దగ్గరా నిలవ ఉండకూడదు. పైఇంటివాళ్ళు కొడితే పొద్దు గుంకేలోపు ఆ దెబ్బను కిందింటికి దింపాలి. ఏ చోట తగిలితే ఆ చోటే, ఎంత గట్టిగా తగిలితే అంత గట్టిగానే. కొట్టినవాళ్ళకు మాత్రం తిరిగి ఇవ్వకూడదు. వచ్చిన వైపుకు దెబ్బ మళ్ళడమనేది మా తాతల కాలం నుంచి లేదు. దెబ్బను ఒంట్లో పెట్టుకుని పడుకుంటే అది కుళ్ళి పురుగు పడుతుందని మా పెద్దల నమ్మకం. నిజంగా ఎవరికైనా పురుగు పట్టిందా అని అడిగితే, ఎవరూ ఉంచుకోలేదు గనుక ఎవరికీ పట్టలేదు అంటారు. మా పెద్దలతో వాదించి గెలవడం కష్టం.

మనుషులు మమ్మల్ని మరుగుజ్జు దయ్యాలంటారు. అనడమే గాని సరిగ్గా చూసినవాళ్ళు తక్కువ. మోకాలెత్తు ఉంటాం, చెవులు చేటలంత, ఒళ్ళు ఎండిన టేకాకు రంగు. పొదల్లో కదిలితే కొండముచ్చు అనుకుని పోతారు. పాల్వంచ కరెంటు పొగగొట్టాలు వెనక్కి మాయమై, భద్రాచలం దారి పక్కన అడవి చిక్కబడే చోట ఉంది మా గుట్ట. మిట్టమధ్యాహ్నం మనుషులు నీడకు చేరినప్పుడు మేం బయట తిరుగుతాం. మా ఉప్పు, మా సూదులు, ఆఖరికి మా పేర్లు కూడా వాళ్ళ దగ్గర ఎత్తుకొచ్చినవే. బిడ్డ పుట్టిన రోజు తండ్రి ఊరి అంచుకు పోయి, మొదట ఎవరిని ఏ పేరుతో పిలవడం వినపడితే ఆ పేరు పట్టుకొస్తాడు. నా పెనిమిటికి వీరబాబు అనే పేరు అలా వచ్చింది. ఆయనలో వీరం వెతికినా దొరకదు. మంచితనం మాత్రం అవసరానికి మించి ఉంది.

గుట్ట మీద ఏడు ఇళ్ళు. కొసన పెద్దబండ కింద పగిడయ్య ఇల్లు, మొదటిది. దాని కింద గంగయ్యది. తర్వాత మూడు ఇళ్ళున్నాయి, వాళ్ళ పేర్లన్నీ చెప్పి మిమ్మల్ని విసిగించను. ఆరోది ముత్తక్కది. ఏడోది, వాగు ఒడ్డున, మాది. ఇంట్లో నేను, వీరబాబు, మా అత్త ఆదెమ్మ, ఏడేళ్ళ నా బిడ్డ భవాని. మా కింద వాగు తప్ప ఏమీ లేదు. అంటే గుట్ట మీద పుట్టిన ప్రతి దెబ్బా చివరకు మా ఇంట్లోకొచ్చి ఆగేది. ఒకే ఇంట్లోవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కొట్టుకోకూడదు గనుక మాకు దింపుకునే దారి లేదు. మరి మా దగ్గర కుళ్ళదా అంటే, చివరి ఇంటివాళ్ళ ఒళ్ళు వేరు, ఇంకించుకుంటుంది అనేవాళ్ళు. మా అత్త వీపు చూస్తే అరవై ఏళ్ళలో గుట్ట మీద ఎవరికి ఎప్పుడు కోపం వచ్చిందో చెప్పొచ్చు.

ఆ ఏడు ఎండలు ఇప్పపూలతోనే ముదిరాయి. పూలేరడానికి వచ్చిన ఒకతను చెట్టు కింద కునుకు తీస్తుంటే, అతని సద్దిగిన్నె కోసం పగిడయ్య స్వయంగా పోయాడు. మామూలుగా అలాంటి పనులు మావి. కాని ఆ గిన్నెలోంచి ఎండుచేపల వాసన వచ్చిందట, ఉండబట్టలేకపోయాడు. అతను కళ్ళు తెరిచి చేతికందిన గొడ్డలికామ విసిరాడు. పగిడయ్య ముందరి పళ్ళు రెండు రాలిపోయాయి.

మనిషి మన గుట్టవాడు కాడు గదా, ఆ దెబ్బ కూడా దింపాలా అని గంగయ్య మెల్లగా అడిగాడట. మనిషి మనకన్నా ఎత్తు, ఎత్తున్నవాడిది పైఇల్లే అని తీర్పు చెప్పి పగిడయ్య రాయి అందుకున్నాడు. పొద్దు వాలేసరికి గుట్ట మీద పద్నాలుగు పళ్ళు రాలాయి.

మా వంతుకు ముత్తక్క వచ్చింది. మేం అప్పుడే అంబలి ముందు కూర్చున్నాం. ఆమె గడప దగ్గర ఆగి, నోట్లో రక్తం పక్కకు ఉమ్మి, "వీరబాబూ, నోరు తెరువు తమ్మీ" అన్నది.

"ఎన్నక్కా?" అన్నాడు వీరబాబు.

"రెండు. ముందటియి."

"జర ఆగు. ఈ బుక్క మింగనీ."

ఆయన మింగేదాకా ముత్తక్క ఓపిగ్గా నిలబడింది. తర్వాత రాయితో కొట్టింది. మొదటిసారి ఒకటే ఊడింది, రెండోదానికి ఇంకో రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. వీరబాబు గోడకు ఒరిగి కూర్చుండిపోతే ఆమే ముంతతో నీళ్ళు తెచ్చి నోరు కడిగింది.

"ఏమనుకోకు తమ్మీ."

"నువ్వేం జేస్తవక్కా. పైనించి వచ్చిందాయె" అన్నాడు ఆయన, మాట తప్పుగా పలుకుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముత్తక్క మీద కాదు, పగిడయ్య మీద కూడా కాదు. ఆ "పోనీలే" అనే మొహం పెట్టిన నా మొగుడి మీద. ఆ మాటే అంటే మా అత్త నవ్వింది. "కోపం వచ్చి ఏం జేస్తవే పూలీ? వాగును కొడ్తవా?" అన్నది.

తునికాకు కోతలు మొదలైన వారానికి ద్వాలి వచ్చింది. వాళ్ళ గుట్ట పెనుబల్లి వైపు ఎక్కడో తండా పక్కన ఉండేదట. రాయి కోసం మనుషులు మందు పెట్టి పేలిస్తే గుట్టతో పాటు ఇళ్ళూ పోయాయి, మొగుడూ పోయాడు. చంకలో పాలు తాగే పిల్లాడు, లాలు. పదిహేను రోజులు నడిచి పాదాలు పగిలి మా వాగు దగ్గర కూలబడింది. నేనే ముందు చూశాను, నేనే నీళ్ళు పోశాను. అంతవరకు మంచిదాన్నే.

పగిడయ్య కిందికి దిగివచ్చి ఆమెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఉండనీ. వీరబాబు ఇంటి కింద ఆ పడ్డ టేకుమాను ఉన్నది గదా, దాని ఏళ్ళ కింద బొరియ తవ్వుకొమ్మను. ఎనిమిదో ఇల్లు" అన్నాడు.

ఎనిమిదో ఇల్లు. ఆ మాట వినగానే నాకు సంతోషమేసింది, అబద్ధమెందుకు. ఈ గుట్టకు కోడలిగా వచ్చాక మొదటిసారి నా కింద ఒకళ్ళున్నారు.

మూడో రోజే పైనుంచి ఒక చెంపదెబ్బ దిగింది. పగిడయ్య భార్యకు గంజి మాడిందట. ముత్తక్క వచ్చి నా ఎడమ చెంప మీద కొట్టి, ఎప్పటిలాగే "ఏమనుకోకే" అని వెళ్ళిపోయింది. నేను చెంప పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి టేకుమాను దగ్గరికి పోయి, పిల్లాడికి పాలిస్తున్న ద్వాలి చెంప మీద కొట్టాను.

ఆమె అదిరిపడింది. "ఏందే గిది? నేనేం జేసిన?"

"నువ్వేం జేయలె. పైనించి వచ్చింది."

"మీ గుట్టల గిట్లనా?"

"గిట్లనే."

ద్వాలి చెంప రుద్దుకుంది. "మా దిక్కు చెవులు పొడుగున్నోళ్ళు పొట్టి చెవులోళ్ళను కొరికేటోళ్ళు. అదే జర నయముండె. ఎందుకు కొరుకుతున్నరో కండ్లకు కనవడ్తుండె" అన్నది.

ఇంటికొచ్చి పడుకుంటే మత్తుగా నిద్ర పట్టింది. చెంపలో సలుపు లేదు. దెబ్బ దించుకుంటే ఒళ్ళు ఇంత తేలికవుతుందని, పైఇళ్ళవాళ్ళు ఇన్నేళ్ళుగా ఇంత హాయిగా పడుకుంటున్నారని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత నేను దెబ్బ కోసం ఎదురు చూడడం మొదలుపెట్టాను. వీరబాబుకు తగిలినవి కూడా నేనే తీసుకుపోయి దించేదాన్ని, ఆయనకు చేతులు రావు గనుక. తగిలినదానికన్నా కొంచెం ఎక్కువే దించేదాన్ని. ఒకసారి ముత్తక్క నా వేళ్ళ మీద కర్రతో తట్టిందంతే, నేను పోయి ద్వాలి చూపుడువేలు విరగ్గొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు బాగా వినపడింది. తలెత్తి చూస్తే టేకుమాను అవతల భవాని లాలును ఎత్తుకుని నిలబడి ఉంది. నేను చేతిలో కర్ర పడేసి, "అన్నం తిన్నవా బిడ్డా?" అన్నాను.

ఆ రోజు మా అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "తగిలినంతనే దింపాలె పూలీ. ఎక్కువ దింపితే ఆ ఎక్కువది నీదైతది. పైనించి వచ్చిందని చెప్పుకోను రాదు" అన్నది. ముసలామెకు ఒంట్లో ఓపిక తగ్గి చాదస్తం పెరిగిందనుకున్నాను. అయినా ఆ రోజు చెట్టుపసరు నూరి ద్వాలి వేలికి కట్టు కట్టింది ఆమే. ద్వాలి మా గుట్ట వదిలి పోలేదు. పసిపిల్లాడితో ఆ ఎండల్లో ఎక్కడికి పోతుంది? ఎండు వాగులో నీళ్ళకు చెలమ ఒక్కటే మిగిలింది, అదీ మా ఇంటి ముందు.

రోహిణి కార్తె ఎండల్లో గోపాలు చనిపోయాడు. గోపాలు పగిడయ్య పెద్దకొడుకు. మొక్కజొన్న చేను అంచున మనుషులు అడవిపందుల కోసం కరెంటు తీగ కట్టారు. తెల్లారాక తీసేయాల్సింది తీయలేదు. పట్టపగలు గోపాలు దాని మీద చెయ్యి వేశాడు. మోసుకొచ్చేటప్పుడు నేను చూశాను, అరచేయి బొగ్గయి ఉంది.

పగిడయ్య ఏడవలేదు. కొడుకు పక్కన గడియసేపు కూర్చుని, లేచి దుడ్డుకర్ర తీసుకున్నాడు. ఆ సంగతి మాకు చెప్పింది మా అత్తే. నీళ్ళకుండతో పైకి పోయిన మనిషి కుండ పడేసి పరుగెత్తుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి పరుగెత్తడం నేను చూడడం అదే మొదలు.

"సావును దింపుతున్నడే" అన్నది. గంగయ్య కాళ్ళ మీద పడి, సావు దింపుడు ఏనాడన్న ఉన్నదా పెద్దయ్యా అని అడిగాడట. పళ్ళు రాలితే దింపొచ్చు, కొడుకు రాలితే నా ఇంట్లనే పెట్టుకోవాల్నా అని పగిడయ్య అన్నాడట. కరెంటు మన చేతిలో లేదు, కర్ర ఉన్నది. పెద్ద బిడ్డకు పెద్ద బిడ్డ. పిల్లల్లేని ఇంట్లో పెద్ద తల. పొద్దు గుంకేలోపు చివరి ఇంటికి చేరాలె అని తీర్పు చెప్పాడట.

ఆమె చెప్పడం పూర్తికాకముందే పైనుంచి మొదటి కేక వినపడింది. గంగయ్య పెద్దకూతురు. ఆ పిల్లకు పెళ్ళి కుదిరి నెల కూడా కాలేదు.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే బిడ్డ. భవాని చెలమ దగ్గర గులకరాళ్ళు పేరుస్తోంది. రెండో కేక వినపడేసరికి నేను దాని రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ టేకుమాను దగ్గరికి పరుగెత్తాను.

మాలో బిడ్డను ఇంకో ఇంటికి ఇవ్వాలంటే ఆ ఇంటివాళ్ళ చేతిలో ఉప్పు నాకించాలి, గుట్టంతా వినపడేలా మూడుసార్లు చెప్పాలి. తల్లీ తండ్రీ లేని పిల్లలకు చేసే పని అది. నేను ఉప్పుమూట ద్వాలి చేతిలో కుక్కాను.

"భవానిని తీసుకో. నీ బిడ్డని చేసుకో. జల్దీ."

"ఎందుకు?"

"పైన సంపుకుంటూ వస్తున్నరు. సావు మా ఇంట్లనే ఆగుతది. నీ దగ్గరుంటే బతుకుద్ది."

ఆ మాట నేను పూర్తిగా నమ్మి అన్నాను. ఇన్నేళ్ళు చివరి ఇంట్లో బతికినదాన్ని. మా ఇంటికి వచ్చిన దెబ్బ ఇంకెక్కడికీ పోదని నా రక్తంలో ఉంది. ఇప్పుడు చివరి ఇల్లు మాది కాదు. మా ఇంటికి వచ్చింది మా ఇంట్లో ఆగదు. నలభై రోజులుగా రోజూ కర్ర పట్టుకుని కిందికి దిగుతున్న నాకు ఆ క్షణంలో అది తట్టలేదు.

ద్వాలికి తట్టింది. ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత చంకలో లాలును చూసుకుంది, భవానిని చూసింది. భవాని లాలు కన్నా పెద్దది. ఉప్పు అరచేతిలో పోసి నా బిడ్డ నోటికి అందించింది. విరిగిన వేలు కట్టుతో పక్కకు నిలబడి ఉంది. భవాని నా వైపు చూస్తూ నాకింది.

"భవాని ఇగ ద్వాలి బిడ్డ!" అని నేను గుట్ట వైపు తిరిగి మూడుసార్లు అరిచాను. మూడోసారి గొంతు పగిలింది.

ఇంటికి వచ్చేసరికి వీరబాబు గుమ్మంలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగో కేక అయిపోయింది. ఐదోది ముత్తక్క కొడుకు రాజేష్‌ది. అతను నా చేతుల మీద పెరిగినవాడు. తర్వాత కాసేపటికి ముత్తక్క దిగివచ్చింది. దుడ్డుకర్ర మోయలేక ఈడ్చుకొస్తోంది. ఆమె రొమ్ము మీద రక్తం కొడుకుదే అయి ఉంటుంది, ఒళ్ళో పెట్టుకుని ఉంటుంది.

"పిల్ల ఏదీ?" అన్నది.

"ఇయ్యాల్నుంచి మాకు పిల్లల్లేరు. నువ్వు వినలేదా?" అన్నాను.

ముత్తక్క వీరబాబు వైపు చూసింది. అప్పటికి మా అత్త లేచి నిలబడింది. కొప్పు విప్పి మళ్ళీ గట్టిగా ముడేసుకుంది.

"పిల్లల్లేని ఇంట్ల పెద్ద తల గదా. గా పెద్ద తల నాదే. వాడెట్లయితడు?" అన్నది. తర్వాత ముత్తక్కతో, "ఒక్క దెబ్బల అయిపోయేటట్టు కొట్టు బిడ్డా. నువ్వు పళ్ళకాడ చేసినట్టు మూడుసార్లు చేయకు" అన్నది.

ముత్తక్క ఏడుస్తూ కొట్టింది. ఒక్క దెబ్బకు కాలేదు. మూడు పట్టింది. మా అత్త అరవలేదు. అరవై ఏళ్ళు అరవకుండా ఉండడం అలవాటైన ఒళ్ళు అది. వీరబాబు తల ఎత్తలేదు. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దుఃఖం పొంగుకొచ్చింది, దాని వెనకే, నా బిడ్డ బతికిందన్న సంతోషం కూడా వచ్చింది. రెండూ నిజమే.

అప్పుడు గుట్ట మీదివాళ్ళంతా కిందికి దిగారు. ఎవరి రక్తం వాళ్ళ మీద ఉంది. పైనుంచి కింద వరకు ఇళ్ళ వరుసలోనే నిలబడ్డారు. అలవాటు. కొసన పగిడయ్య, పక్కన గంగయ్య, ఇటు చివర నా పక్కన ముత్తక్క.

"ఇగ మీరు దింపుండ్రి. పొద్దు పోతున్నది" అన్నాడు పగిడయ్య.

"ఏడికి?" అన్నాను. అడిగాక గాని నాకు అర్థం కాలేదు.

"ద్వాలి ఇంటికి. ఆమె పెద్ద బిడ్డ ఎవరో గుట్టంత విన్నది గదా. నువ్వే చెప్తివి, మూడుసార్లు."

నా చెవుల్లో వాగు పారినట్టు హోరు వచ్చింది. వాగులో నీళ్ళు లేవు. గంగయ్య నేలచూపులు చూస్తున్నాడు. వీరబాబు లేచాడు. ఏడుస్తూనే లేచి, ముత్తక్క చేతిలో కర్ర తీసుకుని, టేకుమాను వైపు ఒక అడుగు వేశాడు. ఇంకేం చేయాలో ఆయనకు తెలియదు. బతుకంతా తెలిసింది ఆ ఒక్క దారే.

నేను వెళ్ళి ఆయన చేతిలోంచి కర్ర తీసుకున్నాను. "నేనే పోత" అన్నాను. అందరూ ఊపిరి వదిలారు. దించడం నా పనేనని అందరికీ తెలుసు.

టేకుమాను దగ్గర ద్వాలి నిలబడి ఉంది. లాలును వీపుకు కట్టుకుంది, భవాని చేయి పట్టుకుంది. పరుగెత్తడానికి ఒక కాలు ముందుకు పెట్టి ఉంది. నేను కదిలితే పరుగెత్తుతుంది, ఆమె పరుగెత్తితే వీళ్ళంతా వెంటపడతారు. అందరికన్నా ముందు ఉన్నది ముత్తక్క, ఆమె కాళ్ళు చురుకైనవి. ఇవన్నీ ఆలోచించానని చెప్పుకుంటే బాగుంటుంది. ఆలోచించలేదు. కర్ర ఎత్తి, బలమంతా పెట్టి, ముత్తక్క మోకాలి మీద కొట్టాను.

మోకాలు లోపలికి మడతపడింది. ముత్తక్క కింద పడి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. కింది నుంచి దెబ్బ రావడం ఆ గుట్ట మీద ఎవరూ ఎరగరు. నన్ను తిరిగి కొట్టడానికి లేదు, వచ్చిన వైపుకు దెబ్బ మళ్ళకూడదు. ఒంట్లో ఉంచుకోవడానికీ లేదు. ఆమె ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే చేసింది. ఒక పక్క నుంచి వచ్చినదాన్ని రెండో పక్కకు పంపింది. కూర్చున్నచోటు నుంచే నా కర్ర గుంజుకుని, తన పైఇంటివాడి మోకాలి మీద కొట్టింది. అదే చోట, అంతే గట్టిగా.

అతను కిందపడుతూ తన పైవాడిని కొట్టాడు. అతను ఇంకొకణ్ణి. ఎవరూ ఆగి ఆలోచించలేదు, ఒళ్ళు వాటంతట అవే చేసుకుపోయాయి. గంగయ్య దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాసేపు ఆగింది. విరిగిన మోకాలితో నేల మీద కూర్చుని, చేతిలో కర్ర పట్టుకుని, అతను పగిడయ్యను చూశాడు. ఇందాక చనిపోయిన కూతురి కాళ్ళ పారాణి అతని చేతులకు అంటుకుని ఉంది.

"వద్దురా గంగయ్యా" అన్నాడు పగిడయ్య.

"నేనేం జేస్త పెద్దయ్యా. కిందినించి వచ్చింది" అన్నాడు గంగయ్య, కర్ర ఎత్తుతూ.

పగిడయ్య పడ్డాక తన పైన ఎవరున్నారా అని తల తిప్పి చూశాడు. గుట్ట కొసన పెద్దబండ కనపడింది. డేక్కుంటూ పైకి పోయి బండనే కొట్టాడు, చేతివేళ్ళు నలిగేదాకా కొట్టాడు. అరవై ఏళ్ళలో మొదటిసారి ఒక దెబ్బ వాళ్ళ ఇంట్లో ఆగింది. నేను అది నిలబడి చూడలేదు, తర్వాత వీరబాబు చెప్పాడు. నేను టేకుమాను దగ్గరికి పరుగెత్తాను. అక్కడ ఎవరూ లేరు. వాగు ఇసుకలో రెండు జతల పాదాల జాడలు, పెద్దవీ చిన్నవీ, అవతలి ఒడ్డుకు పోయి ఆకుల్లో కలిసిపోయాయి.

మా అత్తను మేమిద్దరమే పూడ్చాం. ఆ తర్వాత గుట్ట మీద ఎవరూ ఎవరినీ కొట్టలేదు. మంచిబుద్ధి పుట్టి కాదు, కొడితే అది ఎటు పోతుందో తెలియక. అందరూ కుంటుకుంటూ, ఒకరికొకరు దారి తప్పుకుంటూ తిరిగారు. ముత్తక్క నా గడప దగ్గరికి వచ్చి కూర్చునేది. ఒకరోజు ఆమే అన్నది, "నీ బిడ్డ బతికే ఉన్నదే. పోయి తెచ్చుకో."

తొలకరి పడ్డ తెల్లారి బయలుదేరాను. వీరబాబు వాగు దాకా వచ్చి ఆగిపోయాడు. పన్నెండు రోజులు తిరిగాను. చండ్రుగొండ దాటాక అడవి పలచబడి పామాయిల్ తోటలు మొదలవుతాయి. కొట్టేసిన మట్టలు వరుసల మధ్య కుప్పలు పోసి ఉంటాయి. అలాంటి ఒక కుప్ప కిందినుంచి లాలు ఏడుపు వినపడింది.

ద్వాలి బయటికి వచ్చి నన్ను చూసింది. "వచ్చినవా" అన్నది.

"బిడ్డను చూసి పోత."

"ఎవరి బిడ్డను?"

"నీ బిడ్డనే" అన్నాను.

"ఉత్తగ చూపియ్యను" అన్నది ద్వాలి. ఎండిన మట్ట కాడ ఒకటి ఏరుకుంది. మొదటి దెబ్బ చెంప మీద, రెండోది వేళ్ళ మీద, తర్వాత వీపు, భుజాలు, తొడలు. నేను తడి నేల మీద బోర్లా పడ్డాను, చేతులు అడ్డం పెట్టలేదు. మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "మీ దిక్కు ఉంచుకుంటే కుళ్ళుతయ్ అంటరు గదా. నా దగ్గర ఎంత తాజాగున్నయో చూడు" అని మళ్ళీ మొదలుపెట్టింది. నా చూపుడువేలు విరిగింది. నా నోట్లో మట్టి, రక్తం కలిసిపోయాయి. అవన్నీ నావే, ఒక్కటి కూడా పైనుంచి వచ్చింది కాదు.

అలిసిపోయాక కర్ర పడేసి, కొబ్బరిచిప్పతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. "ఉండాల్నంటే ఉండు. ఆ పక్కన ఇంకో మట్టల కుప్ప ఉన్నది" అని లాలు దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను లేచి కూర్చునేసరికి ఎదురుగా భవాని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో తెలియదు. నెలన్నరలో వేలెడు పొడుగైంది. జుట్టు ద్వాలి వాళ్ళలాగా రెండు పాయలు తీసి అల్లి ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. రా బిడ్డా అని చేతులు చాపాను.

అది రాలేదు. నా చెంపను, విరిగిన వేలును, వీపును ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసింది.

"అమ్మా, ఇవన్ని నువ్వు ఎవరికి దింపుతవ్?"

"ఎవరికీ దింపను తల్లీ."

అది నా కిందివైపు ఎవరున్నారా అని అటూ ఇటూ చూసింది. మట్టల కుప్పలు తప్ప ఏమీ లేవు. మేమిద్దరమే ఉన్నాం. అప్పుడు నా బిడ్డ నా మొహం మీదినుంచి చూపు తీయకుండా, నా చేతికి అందనంత దూరం మెల్లగా వెనక్కి జరిగి కూర్చుంది. నేను చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాను.